గర్భిణి రొమ్మున గడ్డ

మా తిరుమలగిరి ప్రాంతమున గర్భిణికి రొమ్మున గడ్డ కనబడినచో “పాలు చేరి గడ్డకట్టినది, కాన్పైన కరుగును” అని పెద్దలనుట నేను పలుమారులు వింటిని. తరచుగా వారి మాట నిజమే. కాని యెప్పుడో యొకప్పుడది రాచపుండగును. అప్పుడు జారిన నెలలు తిరిగిరావు. రెండు వారములకు కరగని గడ్డను వైద్యునికి చూపవలెను. అల్ట్రాసౌండు వలన గాని, సూదితో ముక్క తీసి పరీక్షించుటవలన గాని కడుపులోని శిశువునకు హాని లేదు.

వ్యాధి తేలినంతనే “గర్భము తీయించుడ”ని యొకరు, “కాన్పుదాక మందు వల”దని యొకరు అందురు. రెండును తొందరపాటు మాటలే. శస్త్రచికిత్స గర్భిణికిని చేయవచ్చును. మొదటి మూడు నెలలు గడచిన పిమ్మట కొన్ని కీమోథెరపీ మందులు ఈయవచ్చును. రేడియేషనును, టామాక్సిఫెనును సాధారణముగా కాన్పుదాక ఆపుదురు. తల్లులకు గర్భకాలమున క్యాన్సరు సోకిన 129 మంది బిడ్డలను పరీక్షించి, బుద్ధి వికాసమునకు చికిత్స అడ్డు రాలేదనియు, నెలలు నిండక పుట్టుటయే చేటనియు 2015లో ఐరోపా వైద్యులు ప్రకటించిరి.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషివలన ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధియై క్యాన్సరు నణచు మెథోట్రెక్సేటును మనకు లభించినవి. మొదటిది గర్భిణికి రక్ష. రెండవది గర్భస్థ శిశువునకు విషము. కావున సోదరీమణులారా, మందనగానే బెదరక, ఏ మందు, ఏ నెలలో నని యడుగుడు. హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి కలదు. బిడ్డకొరకు తల్లిని ఉపేక్షించు ఇంట బిడ్డకును దిక్కుండదు.