వీపు మీది జిప్పు

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి సముద్రం అడుగుకి దిగడమంటే ముందుగా ఏడ్రియన్ రిచ్ గుర్తొస్తుంది. 1973లో వచ్చిన ఆమె సంపుటి 'డైవింగ్ ఇంటు ద రెక్'లో అదే పేరున్న కవిత గురించి నేనూ క్లాసుల్లో గంటలకొద్దీ మాట్లాడాను. అందులోని 'నేను' నల్లటి రబ్బరు తొడుక్కుని, ఒంటరిగా నిచ్చెన దిగుతుంది. రబ్బరు తొడుక్కోవడం ఎంత పనో మాత్రం ముప్పై ఆరేళ్ళ వయసులో, సియాటెల్ దగ్గర ప్యూజెట్ సౌండ్‌లో డ్రైసూట్‌కి అలవాటు పడుతున్నప్పుడే తెలిసింది.

అక్కడి నీళ్ళు ఏడాది పొడుగునా చల్లగానే ఉంటాయి, పది డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా. గాలికంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. వెట్‌సూట్‌లోకి కొంచెం నీరు వస్తుంది. డ్రైసూట్‌లోకి చుక్క కూడా రాకూడదు. మెడకీ మణికట్లకీ బిగుతైన లేటెక్సు పట్టీలు, లోపల మందపాటి ఉన్నిలాంటి బట్టలు. ఆ బట్టల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం.

లేటెక్సు చిరిగిపోతుంది కాబట్టి ముందు గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసు అన్నీ తీసెయ్యాలి. బోసి చేతులూ బోసి మెడా అశుభమని వింటూ పెరిగినదాన్ని. అవి తీసి డబ్బాలో పెట్టి, పట్టీలకి పౌడరు రాసుకుని, జుట్టు ఒక్క వెంట్రుక కూడా మెడ పట్టీ కిందికి పోకుండా ముడేసుకుంటుంటే నవ్వొచ్చింది. ఆ అలంకరణల్లో ఒక్కటీ నీళ్ళలో నా ప్రాణానికి పనికిరాదు.

నీళ్ళలోకి దిగాక సూట్‌కి తనదంటూ ఒక స్వభావం ఉంటుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, సూట్‌లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. రబ్బరు ముడతలు చర్మాన్ని గిల్లినట్టు పట్టుకుంటాయి. అప్పుడు గుండెల మీది మీట నొక్కి కాస్త గాలి నింపుకోవాలి. పైకి వస్తున్నప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. ఎడమ భుజం పైకెత్తి, అక్కడున్న వాల్వు గుండా దాన్ని వదిలెయ్యాలి. వదలకపోతే సూట్ మనిషిని బంతిలా పైకి విసిరేస్తుంది. గాలి పాదాల్లోకి చేరితే తలకిందులుగా వేలాడతాం. మోకాళ్ళు ముడుచుకుని పల్టీ కొట్టి సర్దుకోవడం ముందు ఈతకొలనులో నేర్పుతారు. ఎంత నింపుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది పుస్తకం చెప్పదు, ఒళ్ళే నేర్చుకోవాలి. పదేళ్ళు స్త్రీ శరీరం గురించి సిద్ధాంతాలు చదివిన నాకు, నా శరీరం మాట అంత శ్రద్ధగా వినడం కొత్త.

ఆ వినడంలోనే ఇంకో సంగతి బయటపడింది. దుకాణంలోని మామూలు సైజులు మగ శరీరానికి సరిపోయేవి. నా పాదాలు బూట్లలో ఈదేవి. మణికట్టు సన్నం కావడంతో, పిడికిలి బిగించినప్పుడు నరాలు పైకి లేచి పట్టీ కిందనుంచి నీరు దూరేది. ఇది దుకాణంతో పోయేది కాదు. 2019 మార్చిలో ఇద్దరు స్త్రీలు కలిసి చెయ్యవలసిన అంతరిక్ష నడకని నాసా మార్చుకోవలసి వచ్చింది. కారణం, మధ్యస్థ సైజు సూట్ పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండడం. ఆ నడక అక్టోబరులో జరిగింది. ఆకాశంలోనైనా నీళ్ళలోనైనా మన కొలతలు ఎప్పుడూ తర్వాతి మాటే.

మూత్రం సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. చల్లటి నీళ్ళలో మునిగితే మూత్రం ఎక్కువగా తయారవుతుంది. మగవాళ్ళకి సూట్ లోంచి బయటికి గొట్టం ఉంటుంది. ఆడవాళ్ళ కోసం ఒంటికి అంటించుకునే పరికరాలు తర్వాత వచ్చాయి. చాలామందికి డైపరే గతి. అందుకని కొందరు పొద్దుటినుంచీ నీళ్ళు తాగరు. ఒంట్లో నీరు తగ్గితే డైవర్లకి వచ్చే బుడగల జబ్బు ప్రమాదం పెరగవచ్చని పాఠాల్లో హెచ్చరిస్తారు, అయినా తాగరు. ఈ విద్య నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మరుగుదొడ్డి లేని బళ్ళో సాయంత్రం దాకా బిగబట్టుకున్న పిల్లలం, బస్సెక్కే ముందు గొంతు తడుపుకోడానికి కూడా భయపడిన ఆడవాళ్ళం. ఇప్పుడు నేను నీళ్ళు తాగి, డైపరు కట్టుకునే దిగుతున్నాను. సిగ్గుకంటే రక్తప్రసరణ ముఖ్యం.

అన్నిటికంటే కష్టమైంది జిప్పు. ముందువైపు జిప్పున్న సూట్లు ఉన్నాయి గానీ నాకు అందిన ధరలో దొరికింది వీపు జిప్పుదే. అది ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా ఉంటుంది, సొంతంగా వేసుకోలేం. వెనక హుక్కుల జాకెట్టు తొడుక్కున్న ప్రతి ఆడదానికీ ఈ అవస్థ తెలుసు. చదువూ, ఉద్యోగమూ, ఒంటరి ప్రయాణమూ అన్నీ ఎవర్నీ అడక్కుండా చేసుకోవాలన్న పంతంతో ఇంతదాకా వచ్చినదాన్ని. నాతో దిగే అరవై దాటిన ఆవిడ మొదటిరోజు "నిటారుగా నిలబడు, లాగుతున్నా" అని జిప్పు లాగి, చివరి పన్ను దాకా వేలితో తడిమి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తన వీపు నాకు అప్పజెప్పింది. అంగుళం జిప్పు తెరుచుకుని ఉన్నా చల్లటి నీళ్ళు లోపలికి వరదకడతాయి.

ఆధారపడటమంటే నాకు తెలిసింది ఒకవైపే సాగేది. తండ్రి మీద, మొగుడి మీద, కొడుకు మీద. దాన్ని వదిలించుకోవడమే స్వేచ్ఛ అనుకున్నాం, అది తప్పేమీ కాదు. కానీ ఆవిడ వీపు నా చేతిలో, నా వీపు ఆవిడ చేతిలో ఉండే ఈ ఏర్పాటుకి ఆ మాట సరిపోదు.

రిచ్‌కి ఆ సంపుటి మీద 1974లో నేషనల్ బుక్ అవార్డు వచ్చినప్పుడు, ఆమె దాన్ని ఒక్కతిగా తీసుకోలేదు. ఆ ఏడు పోటీలో ఉన్న ఆడ్రే లార్డ్, ఆలిస్ వాకర్‌లతో కలిసి, స్త్రీలందరి తరఫునా స్వీకరించింది. కవితలో ఒంటరిగా దిగిన మనిషి గురించి చెప్పినన్నిసార్లు, ఆ ముగ్గురి గురించి మనం క్లాసుల్లో చెప్పుకోలేదు. రెండూ కలిపి చదవాల్సినవే.