గురుడు సూర్యుడు కాగలడా?

ఇటీవల పొరుగింటి చిన్నది నన్నడిగిన ప్రశ్న, మా అమ్మాయి తొమ్మిదేండ్ల క్రింద నడిగినదే యగుటచే ఈ నాలుగు మాటలు వ్రాయబూనితిని.

2016వ సంవత్సరము శ్రావణమాసమున కృష్ణా పుష్కరములకు బందరునుండి దివిసీమకు బోయి, హంసలదీవికడ సాగరసంగమమున స్నానములు చేసితిమి. గురుడు కన్యారాశిని ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరము వచ్చునని మా అత్తగారు చెప్పుచుండగా, ఎనిమిదేండ్ల మా అమ్మాయి, "ఆ గురుడు మండి రెండవ సూర్యుడగునట గదా! అప్పుడు కృష్ణ యెండిపోదా?" అని యడిగెను. బడిలో తోడిపిల్ల చెప్పినదట. "అశుభము పలుకకుము" అని అత్తగారు మందలించిరి. పిల్ల ఊరకున్నది గాని, ఆ రాత్రి నా కొంగు పట్టుకొని నిద్రలేక తెల్లవార్చినది.

నాకును సమాధానము తెలియదు. గుడివాడలో మా నాన్నగారు నాకు భారత భాగవతములు చెప్పిరి. బృహస్పతి దేవగురువని యెరుగుదును గాని, ఆ గోళమున నేమున్నదో యెరుగను. తెలియనిచోట కసరుట మన యిండ్ల నలవాటు. ఆ పిల్ల ముఖము చూచి నాకు కసర మనసు రాలేదు. ఇల్లు చేరి, ఉపాధ్యాయులైన మా వారు తెచ్చియిచ్చిన పుస్తకములను నెలదినములు చదివితిని.

గురుడు 318 భూములంత బరువు గలవాడు. అందధికభాగము ఉదజని, తరువాతిది హీలియము. సూర్యునిలో నున్నవియు ముఖ్యముగా నవియే. అయినను నిప్పు తగిలిన గురుడు మండడు. మన వంటయింటి గ్యాసు మండుటకు ప్రాణవాయువు తోడు కావలెను. అచ్చట మంటకు చాలినంత ప్రాణవాయువు లేదు. 1994 జూలైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుని దాకి పెద్ద మచ్చలు చేసినవి గాని, గోళ మంటుకొనలేదు. 2003 సెప్టెంబరు 21వ తేదీన గెలీలియో నౌకను శాస్త్రజ్ఞులు కావలెననియే అందు పడవైచిరి. దానిలోని ప్లుటోనియము వలన గురుడు రగులునని కొందరు భయపడిరి. ఏమియు కాలేదు.

సూర్యుని మంట వేరు. తన బరువే తన్ను నొక్కగా, నడుమ కోటిన్నర డిగ్రీల వేడిలో ఉదజని కేంద్రకములు కలిసి హీలియముగా మారుచున్నవి. హీలియము ఆ పొయ్యిలోని బూడిద యనవచ్చును. దీని జాడ తెలిసినది మన సీమలోనే! 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమున గుంటూరులో జాన్సెన్, మా బందరులో పోగ్సన్ సూర్యజ్వాలల వెలుగును విడదీసి చూచిరి. అందలి పసుపుగీత క్రొత్త పదార్థముదని పిమ్మట తేలి, హీలియమను పేరు వచ్చెను.

గురుడట్లు రగులుటకు ఇంచుమించు 80 రెట్లు బరువెక్కవలెను. తక్కిన గ్రహములన్నియు వచ్చి కలిసినను ఒకటిన్నర రెట్లైన కాడు. సూర్యునివలన పొందు వేడికంటె నెక్కువ వేడిని గురుడు వెలిగ్రక్కుట నిజమే. అది పుట్టినప్పటి వేడి. గురుడు నివురుగప్పిన నిప్పు గాడు, దించిపెట్టిన అన్నపుగిన్నె. వేడి యున్నది, క్రింద పొయ్యి లేదు.

అమ్మాయికి గిన్నె చూపి ఇట్లే చెప్పితిని. వినుచున్న అత్తగారు, "అయిన మన గురుడు చల్లనివాడే!" అని నవ్విరి. నాటి రాత్రి పిల్ల హాయిగా నిద్రించినది. 2028లో మరల పుష్కరము వచ్చునప్పటికి దానికి ఇరువదేండ్లు నిండును.

పిల్లల భయము మనకు చిన్నది, వారికి ఆకాశమంత. తెలియనిచో "తెలిసికొని చెప్పెదను" అనుట తల్లికి తక్కువ గాదు.