టర్నర్ గారి సత్రం, మన టర్నర్లు



పెళ్ళిళ్ళ రోజుల్లో విశాఖ పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళేవాళ్ళకి టర్నర్ సత్రం గురించి చెప్పక్కర్లేదు. శుభలేఖ మీద చౌల్ట్రీ అని అచ్చేసినా నోటికి వచ్చేది సత్రమే. 1880లలో విశాఖపట్నం జిల్లా కలెక్టరుగా చేసిన హెచ్.జి. టర్నర్ పేరది. దొరగారి పరిపాలన సంగతి అటుంచండి. ఈసారి నా దృష్టి ఆయన ఇంటిపేరు మీద పడింది. ఎందుకంటే ఆ మాట మన ఊళ్ళో ఇంకోచోట కూడా రోజూ వినపడుతుంది. కంచరపాలెంలో, గాజువాకలో ఏ ఇంట్లో అడిగినా, "మావాడు ఐటీఐలో టర్నర్ చేశాడండీ" అనే తల్లో తండ్రో ఉంటారు.

ఆ టర్నరూ ఈ టర్నరూ ఒకటే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచిలోంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట అది. దాని వెనక లాటిన్ ఉంది, ఆ వెనక గ్రీకు. అర్థం మాత్రం పెద్దగా మారలేదు: కొయ్యని గుండ్రంగా తిప్పుతూ చెక్కేవాడు. మనవాళ్ళు దాన్నే తరిమెన పట్టడం అనేవారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో వాడిన యంత్రం చూస్తే నవ్వొస్తుంది. పైన బాగా వంగే గడ ఒకటి. దాని కొసనుంచి దిగిన తాడును కొయ్యకి ఒక చుట్టు చుట్టి, కింద తొక్కుడు చెక్కకి కట్టేవారు. తొక్కితే కొయ్య ఇటు తిరుగుతుంది, ఉలి చెక్కుతుంది. కాలు ఎత్తితే గడ తాడును పైకి లాగుతుంది, కొయ్య వెనక్కి తిరుగుతుంది, అప్పుడు ఉలి పక్కకి తియ్యాలి. అంటే తిరిగిన తిరుగుడులో సగం వృథా. అయినా సామాన్యుడు తిండి తినే కొయ్య గిన్నెలూ కప్పులూ దానిమీద చేసినవే. లండన్ టర్నర్ల సంఘానికి 1604లో మొదటి జేమ్స్ రాజు సన్నదు కూడా ఇచ్చాడు.

పని పేరు ఇంటిపేరు ఎలా అయిందంటే, ఊరినిండా జాన్లూ విలియంలే ఉంటే పన్ను వసూలుచేసేవాడు ఎవణ్ణని పట్టుకుంటాడు? తరిమెన పట్టే జాన్, కమ్మరి జాన్ అని రాసుకున్నాడు. మూడు నాలుగు తరాలు గడిచేసరికి, దాదాపు పద్నాలుగో శతాబ్దానికి, ఆ రాత కొడుక్కీ మనవడికీ అంటుకుపోయింది. పని పోయినా పేరు ఉండిపోయింది. ఓడలనీ సముద్రాన్నీ అంత గొప్పగా చిత్రించిన జె.ఎం.డబ్ల్యు. టర్నర్ (1775–1851) తండ్రి లండన్‌లో మంగలి. అమెరికాలో 1831లో బానిసల తిరుగుబాటు నడిపిన నాట్ టర్నర్‌కి ఆ పేరు తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు, యజమానిది.

దొరల పేర్లన్నీ పనిమీద వచ్చినవి కావు లెండి. మన ఊరి లాసన్స్ బేలో ఉన్న లాసన్ అంటే లారెన్స్ కొడుకు. రాస్ హిల్ పేరులోని రాస్ స్థలం మీద వచ్చింది. స్కాట్లండ్ వాళ్ళ గేలిక్ భాషలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలని రాస్ అంటారు. హార్బరు మొగలో నిలబడ్డ ఆ కొండకి అంతకంటే సరైన పేరు వెతికినా దొరకదు. మన ఇంటిపేర్లూ ఎక్కువగా రాస్ తరహావే, ఊరిమీద వచ్చినవి. గురజాడ అప్పారావుగారి పూర్వీకులది కృష్ణా జిల్లా గురజాడ.

మరి పని పేర్లు మనకెందుకు తక్కువ? నా ఉద్దేశం చెబుతాను, కాదంటే కోప్పడండి. మన దగ్గర పని ఇంటిపేరులోకి వెళ్ళలేదు, కులంలోకి వెళ్ళింది. ఇంగ్లండులో కొడుక్కి పేరు మిగిలింది, పని జారిపోయింది. ఇక్కడ కొడుక్కి పనే వారసత్వం, ఇష్టమున్నా లేకపోయినా. ఆ ముడి కాస్తయినా వదులుచేసింది ఐటీఐలూ, డాక్‌యార్డూ, షిప్‌యార్డూ, స్టీలు ప్లాంటూ. ఏ ఇంట పుట్టినా రెండేళ్ళు నేర్చుకుంటే టర్నరే.

స్టీలు ప్లాంటు రోల్ షాపు సంగతే చూడండి. ఇనప కడ్డీలు సాగదీసే మిల్లుల్లో రోలర్లుంటాయి. ఎర్రగా కాలిన ఉక్కు వాటి గాళ్ళలోంచి పరుగెత్తీ పరుగెత్తీ గాడి అరిగిపోతుంది. అరిగిన గాడిలోంచి వచ్చే కడ్డీ కొలత తప్పుతుంది. అప్పుడు ఆ రోలర్‌ని విప్పి రోల్ షాపుకి తెచ్చి, లేత్ మీద, అంటే ఇప్పటి తరిమెన మీద, ఎక్కించి, గాడి మళ్ళీ తీస్తారు. ఇంట్లో స్లాబు వేయించేటప్పుడు కడ్డీ లావు చూసి బేరమాడతాం కదా, ఆ లావు నిలబెట్టిన చేతుల్లో టర్నర్‌వీ ఉన్నాయి.

కొయ్యమీద పనిచేసే అసలు టర్నర్లు కావాలంటే యలమంచిలి దగ్గర ఏటికొప్పాక వెళ్ళండి. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన లక్క బొమ్మల ఊరది. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కణికని ఆనిస్తారు. ఒరిపిడి వేడికే లక్క కరిగి కొయ్యకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అద్దితే నిగనిగ వస్తుంది. విడిగా రంగు పూత అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు.

మీలో డాక్‌యార్డులోనో ప్లాంటులోనో టర్నర్‌గా చేసి రిటైరైనవాళ్ళుంటే, లేత్ దగ్గర మీరు వాడిన మాటలు, మేస్త్రీలు తిట్టిన తిట్లతో సహా, నాకు రాసి పంపండి. ఇంగ్లీషు వాళ్ళు ఆ పనిని కనీసం పేరులోనైనా దాచుకున్నారు. మనం కాగితం మీదైనా దాచుకుందాం.

ఉంటాను,
మీ ఉత్తరాల మనిషి,
విశాఖపట్నం