అరిజోనా యెండలో అంగడికెక్కిన యిల్లు

పలనాటివారమైన మాకు ఎండయన్న భయము లేదని యొక గర్వము గలదు. వేసవి వచ్చెనన్న రెంటచింతల పేరు పత్రికలకెక్కుట మామూలు. మా యూరు దానికి సమీపముననే యున్నది. నాపరాళ్ళు పరచిన యింట బుట్టి, వట్టివేళ్ళ తడకలపై నీళ్ళు చల్లుచు బెరిగినదానను. కావున 2024 మే నెల చివర అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు మా చెల్లెలి యింటికి బయలుదేరినప్పుడు, "అక్కడి యెండ నీవు తాళలేవు" అని ఇరుగుపొరుగువారు చెప్పిన మాటలను నవ్వి త్రోసివేసితిని. ఫీనిక్సు విమానాశ్రయపు తలుపులు తెరచుకొనగానే, కాగుచున్న పెనము మూత తీసినప్పుడు తగులు సెగవంటిది ముఖమునకు గొట్టెను. ప్రవరుని పాదలేపనము మంచులో కరగిపోయినట్లు, నా గర్వము ఎండలో కరగిపోయెను.

ఫీనిక్సు నగరము సొనోరా యను నెడారిలో నున్నది. పూర్వకాలమున హొహోకమ్ అను జనులు అచ్చటి సాల్టు నదినుండి కాలువలు త్రవ్వి పైరులు పండించిరి. సుమారు 1450 నాటికి వారి యూళ్ళు పాడుపడెను. 19వ శతాబ్దమున వచ్చినవారు ఆ పాతకాలువల జాడలు పట్టి మరల నీరు పారించి యూరు గట్టుకొనిరి. పాడునుండి లేచిన యూరు గనుక, బూడిదనుండి పుట్టునని చెప్పెడి పక్షిపేరు దానికి బెట్టిరి. ఇప్పుడు 336 మైళ్ళ పొడవుగల కాలువద్వారా కొలరాడో నది నీరు గూడ ఆ ప్రాంతమునకు వచ్చుచున్నది. ఊరు దాటగానే సువారో యను జెముడు వృక్షములు స్తంభములవలె నిలిచియుండును. అది యొక్క కొమ్మ వేయుటకు ఏబది, డెబ్బది యేండ్లు పట్టునట! ఆ నేలపై తొందరపడునది మనుష్యుడొక్కడే యని నాకు దోచెను.

అచ్చటి యెండ మనయెండవంటిది కాదు. మనకు ఉక్కపోయును, చెమట కారును. అచ్చట చెమట పుట్టిన తోడనే యారిపోవుటచే ఒంటిలోని నీరు తరగుచున్నదని మనిషికే తెలియదు. నేను పెరటిలో ఒక చీర ఆరవేసి రెండవది పిండునంతలో మొదటిది గరగరలాడుచుండెను. 2023 వేసవిలో వరుసగా 31 దినములు పగటివేడి 110 డిగ్రీలకు, అనగా మన సెల్సియసు లెక్కను 43కు, తగ్గలేదు. నేనున్న సంవత్సరమున వరుసగా 113 దినములు 100 డిగ్రీలకు దిగలేదు. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతోనే యారంభించెను గాని, ఆయన గ్రీష్మమునకు వెన్నెలరాత్రులైనను గలవు. ఫీనిక్సులో రాత్రి పది గంటలకు మేడగోడపై చేయి వైచినను చురుక్కుమనును.

మా చెల్లెలు ఫీనిక్సు ప్రక్కనున్న ఛాండ్లరు పట్టణములో కాపురముండెను. ఎలక్ట్రానిక్ చిప్పుల పరిశ్రమ యచ్చట నుండుటచే మన తెలుగువారు మిక్కిలిగా నున్నారు. మా మరిదికి వేరొక రాష్ట్రమున ఉద్యోగమై, ఆగష్టు మొదటితేదీకి చేరవలసి వచ్చెను. ఇచ్చట ఇంటి ఋణమునకు నెలకిస్తీ, అచ్చట కొత్తయింటి యద్దె. రెండును భరించుట వారి శక్తికి మించినపని. కావున ఇల్లు జూలైలోగా అమ్ముడుపోవలెను. ఎండకాలమున ఇండ్లు చూడవచ్చువారే తక్కువ. అచ్చట ఇల్లు కొనదలచినవారు ఫాల్గుణ చైత్రములలోనే తిరుగుదురు.

ఇల్లమ్మించు ఏజెంటు ఒకామె వచ్చి, ముందు స్టేజింగు చేయవలెనని చెప్పెను. అమ్మబోవు ఇంటిని చూడవచ్చువారి కంటికి ఇంపుగా నలంకరించుటకు వారు పెట్టుకొన్న పేరది. భర్త రాకకై ఇల్లు సవరించి, తాను సింగారించుకొని ఎదురుచూచు నాయికను మన యలంకారికులు వాసకసజ్జిక యనిరి. ఇచ్చట ఇల్లే వాసకసజ్జిక యైనది. రాబోవు నాయకుడెవ్వడో మాత్రము తెలియదు! అయితే ఈ సింగారము పెట్టుటకంటె తీయుటయందే హెచ్చు. పెండ్లిఫొటోలు, పాప గీసిన బొమ్మలు, ఆవకాయ జాడీలు, మా తండ్రిగారి పటము, అన్నియు పెట్టెలకెక్కెను. చూడవచ్చినవారు అది తమయిల్లని యూహించుకొనవలెనట. మన గుర్తులున్న యెడల వారి యూహకు చోటుండదట. ఆ మాటలో నిజము గలదని నాకును దోచినది. కాని కోట్లు తగిలించు చిన్నగదిని దేవునిగదిగా మార్చుకొన్న చెల్లెలు, దానిని మరల కోట్లగదిగా జేయవలెనని విన్నప్పుడు మాటలాడక వంటయింటిలోనికి బోయెను.

దేవుళ్ళు వెదురుబుట్ట నెక్కిరి. ఎవరైన ఇల్లు చూడ వచ్చునప్పుడెల్ల ఆ బుట్టను, పాపను, నన్ను కారులో నెక్కించుకొని సమీపమున నున్న గ్రంథాలయమునకు బోయి కూర్చుండెడివారము. మొదటిదినము బుట్టను కారులోనే మరచితిమి. గంట గడచి వచ్చి చూచునప్పటికి కర్పూరపు పొట్లము సగము హరించిపోయెను. ఏటికొప్పాక వినాయకుని లక్కరంగు మెత్తబడి తొండము బుట్టకంటుకొనెను. అప్పటినుండి దేవుళ్ళును మాతోబాటు గ్రంథాలయములోనికి వచ్చిరి.

ఎడారివేసవిలో ఇల్లు సవరించు రీతి ఇతర స్థలములలో చేయు రీతి కాదని ఏజెంటు చెప్పగా, నేను శ్రద్ధగా వింటిని. ఛాయాచిత్రములు సూర్యోదయమున గాని సంధ్యవేళ గాని తీయవలెను. నడిపగటి వెలుగులో ముంగిటి గులకరాళ్ళు తెల్లబారి ఇల్లు నిప్పులకొలిమివలె కనబడును. గడ్డి లేనందుకు చింతలేదు, అచ్చటివారు గడ్డికి నీరు వృథాయని గులకరాళ్ళే పరచుకొందురు. ఎండిన మొక్క యొక్కటైన నుండరాదు. వచ్చినవారు తాళపుచెవి తీసికొనుటకు గుమ్మముకడ నిలుచునది రెండు నిముషములే యైనను, ఆ రెండు నిముషముల యెండలోనే వారి మనస్సు విరిగిపోవును. కావున గుమ్మమునకు గుడ్డపందిరి వేయించి, దాని క్రింద బల్లపీట నుంచితిమి. మంచుగడ్డలు వేసిన తొట్టిలో నీటిసీసాలు పెట్టుట నా యాలోచన. "వదినగారు చలివేంద్రము పెట్టించినారు" అని మరిది నవ్వెను.

కిటికీల సంగతి చిక్కుగా నుండెను. తెర తొలగించిన వెలుగు వచ్చును, వెలుగుతో వేడియు వచ్చును. ఉత్తరపు కిటికీలు తెరచి పడమటివి మూసితిమి. మైనపువత్తులు పెట్టరాదు, పూవులు పెట్టిన పూటకే వాడును. అన్నిటికంటె కష్టమైనది వంట. కిటికీలు తీయుటకు వీలులేని ఇంటిలో ఇంగువపోపు వాసన రెండుదినములు తిరుగుచుండును. ఆ మూడు వారములు తెల్లవారుజామున నాలుగింటికే వంట ముగించి, పగలు పెరుగన్నముతో గడపితిమి. ఎవరైన వచ్చుటకు గంట ముందు ఏసీ 74 డిగ్రీలకు దించవలెను. చూడవచ్చినవారు ఎండలో నుండి లోనికి అడుగిడి "హమ్మయ్య" అనుకొనవలెను. ఆ యూరిలో ఇల్లమ్ముట యనగా చల్లదనము నమ్ముటయే.

ఇచ్చటనే మా యింటిలో భేదము పుట్టినది. పడమటిదిక్కున నున్న పడకగది మధ్యాహ్నము మూడు దాటిన పిదప చల్లబడదు. ఇల్లంతయు 76 డిగ్రీలున్నప్పుడు ఆ గది 84 ఉండెడిది. ఏసీ గాలి గొట్టములు అచ్చట కప్పుక్రిందనున్న అటకలోనుండి పోవును; ఆ గది చిట్టచివరిది గనుక గాలి చేరునప్పటికే వేడెక్కును. మరిది చెప్పిన యుపాయము సులభమైనదే: "ఉదయము పదింటిలోపుగా చూడుడని యందరికిని చెప్పుదము. అప్పుడాగదియు చల్లగానే యుండును. అది అబద్ధము కాదు గదా, వదినగారూ!" ఋణము నెత్తిపైనున్న మనిషి మాట అది, నేను తప్పుపట్టలేకపోతిని. నిజమునకు వేసవిలో ఉదయము చూపుమనియే ఏజెంట్లును సలహా యిత్తురు.

ఆ రాష్ట్రమున ఇల్లమ్మువారు పూరించు పత్ర మొకటి గలదు. కప్పు కారుచున్నదా, చెదలున్నవా యని ప్రశ్నలు పేజీలకొలది యుండును. ఇంట తేళ్ళున్నవా యని గూడ నడుగుదురు! మా చెల్లెలు తేళ్ళ ప్రశ్నకు "అవును, రెండు చూచితిమి" అని వ్రాసి, ఏసీ విషయమున కలము నిలిపి నా వంక జూచెను. "అక్కా, ఈ గదిలోనే పాపకు జ్వరము వచ్చినప్పుడు మేము రాత్రియంతయు తడిగుడ్డలు వేసితిమి" అనెను. 2023లో ఫీనిక్సు నగరమున్న మారికోపా కౌంటీలో ఎండవేడిమి కారణముగా 645 మంది చనిపోయిరి. అటువంటి చోట ఒక గది వేడిని దాచుట, చీరకు చిరుగున్నచోట మడత పెట్టి యమ్మిన రీతిది కాదు. గులకరాళ్ళు సవరించుట అలంకారము, ఇది వేరు. నేనామాటే చెప్పితిని. చెల్లెలు ఉన్నదున్నట్లు వ్రాసెను. మరిది యొకపూట మాటలాడలేదు.

మరునాడు తెల్లవారుజామున, అటకలోనికి మనిషి పోగల వేళ అదొక్కటే, అతడే నిచ్చెన వేసికొని యెక్కెను. ఒక గొట్టపు అతుకు ఊడి, చల్లగాలి అటకపాలగుచుండెను. దానిని బిగించి దిగునప్పటికి చొక్కా పిండిన నీరు కారెను. ఆ సాయంకాలము గది 80కి దిగినది. పూర్తిగా బాగుపడలేదు.

జూలై మొదట ఒక సాయంకాలము తూర్పుదక్షిణముల నుండి మట్టిగోడ యొకటి ఆకాశమంత యెత్తున లేచి వచ్చెను. దానిని వారు హబూబు అందురు. పావుగంట చీకటి. తరువాత చూడగా నీలముగా నుంచిన ఈతకొలను మజ్జిగపులుసువలె మారినది, గుడ్డపందిరి ప్రక్కయింటి గోడపై నుండెను. మరునాడు సాయంకాలము నాలుగింటికి ఒక నర్సు తన తల్లితో వచ్చుటకు నిశ్చయమై యుండెను. ఆమె యాసుపత్రి పని మూడింటికి గాని తీరదట. ముగ్గురము రాత్రియు పగలును తుడిచితిమి.

మేము కారెక్కునంతలోనే ఆ తల్లీకూతుళ్ళు ముందుగా వచ్చిరి. ఆ వృద్ధురాలికి డెబ్బదియైదేండ్లు పైబడి యుండును. ఆమెను ఎండలో నిలువబెట్టలేక చెల్లెలు బల్లపీటపై కూర్చుండబెట్టి నీళ్ళిచ్చెను. కూతురు లోపల చూచి వచ్చి, తల్లికి పడమటిగది అనుకూలముగా నుండునని, దాని కిటికీనుండి కొండలు కనబడుచున్నవని సంతోషముతో చెప్పెను. చెల్లెలు ఒక్క క్షణమాగి, "అమ్మా, గొట్టములు మార్పించువరకు ఆమెను ఆ గదిలో నుంచవద్దు. మధ్యాహ్నము వేడెక్కును. పత్రములో వ్రాసినాము" అనెను. మరిది కారు తలుపు పట్టుకొని నేలవంక జూచుచుండెను. ఆ నర్సు మరల లోనికిబోయి, గది గోడపై అరచేయి వైచి చాలసేపు నిలిచెనని పిమ్మట ఏజెంటు చెప్పెను.

మూడవనాడు వారే కొనెదమని కబురంపిరి. గొట్టములు మార్పించుటకగు వ్యయమును వెలలో తగ్గించుమని యడిగిరి. పది దినములలో వారి పరీక్షకుడు వచ్చి యిల్లంతయు శోధించి, కొత్తగా చెప్పినది ఒక కుళాయి కారుటయే. వెల మేమనుకొన్నదానికంటె తక్కువే. మరిది లెక్క వేసికొని, ఇంకొక నెల కిస్తీ కట్టి వేచియుండుటకంటె నష్టము లేదని యొప్పుకొనెను.

సామానుబండి జూలై చివరివారములో వచ్చెను. ఖాళీయింటిలో గూడ ఏసీ నడుపుచుండవలెనట. లేకున్న కర్రనేల పగులును. ఎవరును లేని గదులకు చల్లగాలి పోయుటకు డబ్బు కట్టుట చూచి నాకు నవ్వు వచ్చినది గాని, చెల్లెలు నవ్వలేదు. ఆమె కోట్లగదిలోనికి బోయి, మేకు తీసిన చోట మిగిలిన పసుపుమరకను తడిగుడ్డతో తుడిచెను. తరువాత గుమ్మము మూసి, తాళపుచెవి నుంచు ఇనుపపెట్టె ఎండకు కాలుచుండగా, చీరకొంగు వ్రేళ్ళకు చుట్టుకొని చెవిని దానిలో వైచెను. పాప దేవుళ్ళబుట్టను ఒడిలో బెట్టుకొని కారులో గూర్చుండెను.