కొండకు పట్టు తప్పేదెక్కడ?

వాన పడితే కొండ ఎందుకు జారుతుంది? ఎవరినడిగినా ఠక్కున ఒకటే జవాబు వస్తుంది: మట్టి నానుతుంది, బరువెక్కుతుంది, జారిపోతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఒక్క నిమిషం ఆలోచించండి. బరువు పెరిగితే మట్టిని కిందికి లాగే బలం పెరుగుతుంది, నిజమే. అయితే ఆ బరువే కింది పొరను మరింత గట్టిగా అదుముతుంది కూడా. అదిమినకొద్దీ రాపిడి పెరుగుతుంది. అంటే చాలావరకు చెల్లుకు చెల్లు. మరి కొండను కదిలించేదేమిటి? ఈ పూట ఆ కబుర్లే చెప్పుకుందాం.

మీ వీధిలో ఎవరో ఇల్లు కడుతూనే ఉంటారు. అక్కడి ఇసుక కుప్పను చూడండి. పొడి ఇసుకను ఎంత పోసినా ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. ఇంకో పార వేస్తే జారి మళ్లీ అదే వాలుకొస్తుంది. రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడికి అది హద్దు. దాని మీద కాసిని నీళ్లు చల్లితే పిల్లలు పాదం పెట్టి పిచ్చుక గూళ్లు కట్టేస్తారు. రేణువుల మధ్య చేరిన సన్నని తడి తలతన్యత వల్ల వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఇప్పుడు అదే గూటి మీద బిందెడు నీళ్లు కుమ్మరించండి. కూలి నేలంతా పరుచుకుంటుంది. కొంచెం ఉన్నప్పుడు కట్టి ఉంచిన నీరే, నిండా చేరేసరికి విడదీసింది.

ఈ విడదీయడాన్ని లెక్కలో పెట్టిన మహానుభావుడు కార్ల్ టెర్జాగీ. 1920లలో ఇస్తాంబుల్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతూ మట్టి మీద ప్రయోగాలు చేశాడు. ఆయన తేల్చిన సంగతి ఇది: మట్టిలో రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండితే ఆ నీటికి పీడనం వస్తుంది. పై బరువులో కొంత భాగాన్ని ఆ పీడనమే మోస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి అదుముకునే బలం ఆ మేరకు తగ్గిపోతుంది, దాంతో రాపిడీ తగ్గుతుంది. బరువు ఎక్కడికీ పోలేదు, కిందికి లాగడం ఆగలేదు, పట్టుకునే చెయ్యి మాత్రం సడలింది. ముప్పై నాలుగు డిగ్రీల వాలులో నిలవగలిగిన పొడి ఇసుక, పైదాకా నీరు నిండి వాలు వెంబడి ఊరుతున్నప్పుడు పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీలకు మించి నిలవలేదు. నిన్నటిదాకా భద్రంగా ఉన్న కొండ ఇవాళ కదలడానికి కారణం వాలు మారడం కాదు, లోపలి నీటి పీడనం మారడం.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని కేరళలోని వయనాడ్ వెళదాం. 2024 జులై 30 అర్ధరాత్రి దాటాక, మేప్పాడి పంచాయతీలోని పుంచిరిమట్టం పైన కొండ విరిగింది. అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ చెప్పిన లెక్క ప్రకారం అక్కడ మొదటి ఇరవై నాలుగు గంటల్లో 200 మిల్లీమీటర్లు, తర్వాతి ఇరవై నాలుగు గంటల్లో 372 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఈ వరస ముఖ్యం. మొదటి రోజు వాన ఖాళీలను నింపింది. రెండో రోజు వానకు మట్టిలో చోటు లేదు, పీడనంగా మారింది. నెల్ కెయిన్ అనే శాస్త్రవేత్త 1980లో ప్రపంచమంతటి సంఘటనలు పోగేసి, ఇలాంటి పైపొర జారుళ్లకు కనీసం ఎంత వాన కావాలో ఒక సూత్రం ఇచ్చాడు. ఒక రోజు వానకు ఆ సూత్రం దాదాపు 100 మిల్లీమీటర్లు చూపిస్తుంది. వయనాడ్‌లో రెండో రోజు పడింది దానికి మూడు రెట్లకు పైనే.

హైదరాబాద్‌లోని మన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ చిత్రాలతో ఆ చోటును కొలిచింది. సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తున, 86,000 చదరపు మీటర్ల మేర నేల జారింది. అంటే ఇరవై ఒక్క ఎకరాలు. అది అక్కడే ఆగలేదు. ఏరు పట్టుకుని దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తింది. ముండక్కై, చూరల్‌మల అనే ఊళ్లు ఆ దారిలో ఉన్నాయి. రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. చాలా మృతదేహాలు మలప్పురం జిల్లాలో, చాలియార్ నదిలో దొరికాయి.

జారిన మట్టి అంతదూరం ఎలా పోతుంది? అమెరికాలోని ఒరెగాన్ అడవిలో 95 మీటర్ల పొడవైన కాంక్రీటు కాలువ ఒకటుంది, ముప్పై ఒక్క డిగ్రీల వాలులో. బురద ప్రవాహాల మీద ప్రయోగాల కోసమే దాన్ని కట్టారు. శాస్త్రవేత్త రిచర్డ్ ఐవర్సన్ బృందం అందులో మట్టి పోసి, తడిపి, జారే దాకా వేచిచూసింది. గట్టిగా కూరిన మట్టి కదిలినప్పుడు రేణువులు ఒకదాని మీదికొకటి ఎక్కాల్సి వచ్చి ఖాళీలు పెరిగాయి, పీడనం తగ్గింది, మట్టి ఆగి ఆగి నెమ్మదిగా పాకింది. వదులుగా పోసిన మట్టి కదిలినప్పుడు లోపలికి కుంగింది. మధ్యలో ఇరుక్కున్న నీటికి బయటపడే వ్యవధి లేదు, పీడనం ఒక్కసారిగా ఎగసింది. సెకను గడిచేలోపే ఆ మట్టి సెకనుకు మీటరు వేగం దాటింది. అదే వాలు, అదే నీరు. తేడా అంతా మట్టి ఎంత వదులుగా ఉందన్న దాంట్లోనే.

అలా ద్రవంలా మారిన దాన్నే శాస్త్రజ్ఞులు డెబ్రిస్ ఫ్లో అంటారు. దాన్ని వరద అనుకోకూడదు. ఘనపు మీటరు నీరు టన్ను తూగితే, రాళ్లూ మట్టీ నిండిన ఆ ప్రవాహం రెండు టన్నుల దాకా తూగుతుంది. టన్ను బరువున్న బండరాయి మామూలు నీళ్లలో 630 కిలోలు తూగుతుంది, ఆ బురదలో 260 కిలోలే. అందుకే ఇళ్లంత బండలు తేలికగా కొట్టుకొస్తాయి. పైగా మిక్చర్ డబ్బా ఊపితే పల్లీలు పైకి, పొడి అడుక్కి చేరినట్టు, ప్రవాహంలో పెద్ద రాళ్లు పైకి వస్తాయి. పైపొర వేగం ఎక్కువ కాబట్టి అవే ముందుకు నడుస్తాయి. అంటే మనిషి మీదికి మొదట వచ్చేది బండల గోడ, దాన్ని వెనకనుంచి తోసేది బురద. దారిలో ఏటి అడుగును, గట్లను గీరి కలుపుకుంటూ బలుస్తుంది కూడా.

ఇక నేను ఇంతసేపూ చెప్పాలనుకున్న మాటకు వస్తాను. కొండ ప్రాంతంలో ఏటి పక్కన కాస్త చదునైన నేల దొరికితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఇల్లు అక్కడే కడతాం, బడి అక్కడే పెడతాం. ఆ చదును చాలాచోట్ల ఎలా వచ్చిందంటే, వెనకటి బురద ప్రవాహాలు తెచ్చి పరిస్తేనే వచ్చింది. ముండక్కైలో 1984లోనూ కొండ విరిగింది. 2024లో జారిన చోటే అంతకుముందూ జారిందని ఎన్‌ఆర్‌ఎస్‌సీ రికార్డుల్లో ఉంది. దాదాపు 80,000 జారుళ్లను గుర్తిస్తూ ఆ సంస్థ 2023లో తెచ్చిన అట్లాస్‌లో వయనాడ్ జిల్లాది పదమూడో స్థానం. కొండ తన దారిని దాచుకోలేదు, మనం దాన్ని చదవలేదు.

మన దగ్గరా కొండలున్నాయి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీద బండలు పడి ప్రాణాలు పోయాయి. అది రాళ్లు దొర్లడం, వయనాడ్ లాంటి ప్రవాహం కాదు. కానీ రెండుచోట్లా గంటల తరబడి లోపలికి ఇంకిన వాన పని చేసింది. కాబట్టి కొండవాలులో ఉండేవారికి, మన్యం వైపు బస చేసేవారికి కొన్ని మాటలు. వాన మొదలైన పూట కంటే రెండు మూడు రోజులు కురిశాక వచ్చే పెద్ద వానకు ఎక్కువ భయపడండి. ఊట నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, నేల బీటలు వారినా, చెట్లు ఒరిగినా ఆలోచించకుండా అక్కడినుంచి వెళ్లిపోండి. వాన పడుతుండగా ఏరు సన్నబడితే సంతోషించకండి, పైన ఎక్కడో అడ్డం పడి ఉండొచ్చు. ఏటి వెంట కిందికి పరుగెత్తకండి, పక్కగా మెరక ఎక్కండి. ఒకటి వచ్చి పోయిందని సామాన్ల కోసం వెనక్కి వెళ్లకండి. వయనాడ్‌లో తెల్లవారుజామున రెండోది కూడా వచ్చింది.

స్థలం కొనేముందు దస్తావేజులు చూస్తాం, వాస్తు చూస్తాం. కొండ దగ్గరైతే ఇంకొకటి చూడండి. భారత భూవిజ్ఞాన సర్వే జారుడు ముప్పు పటాలు సిద్ధం చేసి ఉంచింది, ఎవరైనా చూడొచ్చు. మీ పంచాయతీలో వాటిని గోడకు అంటించమని అడగండి. ఇల్లు కట్టబోయే ఏటిగట్టు మీద నిలబడి, ఇక్కడికి ఈ బండలు ఎలా వచ్చాయని ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. జవాబు నచ్చకపోతే, ఎంత చవకగా వచ్చినా ఆ స్థలం మీకొద్దు.