నవ్వుతూ అడిగే చందా

చందా అడగడం కష్టం. ఇవ్వడం అంతకంటె కష్టం. రసీదు పుస్తకం చంకలో పెట్టుకొని వీధి మొగలో అడుగుపెట్టిన మనిషిని నూరు గజాల దూరంనుండే పోల్చుకొనే శక్తి గృహస్థులకు ఎట్లా అబ్బుతుందోగాని, అతడు తలుపు తట్టేసరికి ఇంటి యజమాని తప్పక స్నానానికి వెళ్లి ఉంటాడు. గణపతి పందిరికి, దసరా ఉత్సవానికి, క్రికెట్ పోటీకి వచ్చే పుస్తకాల వరుసలోనే వరద బాధితుల సహాయ పుస్తకమూ వస్తుంది. ఇచ్చినవాడు ఒక నోటుతో పీడ వదిలిందనుకొంటాడు. పుచ్చుకొనే రైతు ఎవరో, ఏ ఊరివాడో, అతని పొలంలో నీరు ఎన్నాళ్లు నిలిచిందో ఇచ్చినవానికి తెలియదు. ఈ తతంగంలో లోపం వసూలైన పైకం చాలకపోవడం ఒక్కటే కాదు. అడిగేవానిలోను, ఇచ్చేవానిలోను, పుచ్చుకొనేవానిలోను ముఖం చాటువేయని మనిషి ఒక్కడూ మిగలడు. అసలు లోపం అదే.

బిలాస్‌పూరు రైలు పెంచిన పట్టణం. 1876–78 నాటి మహాక్షామం తరువాత నాగపూరునుండి రాజనందగావ్ వరకు ఒక మీటరుగేజి మార్గం వేశారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని తీసుకొని, బ్రాడ్‌గేజిగా మార్చి, బిలాస్‌పూరు మీదుగా తూర్పునకు సాగించింది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తీరమార్గం కూడ ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఆ దారిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఖరగ్‌పూరు వెళ్లినట్లే బిలాస్‌పూరుకూ వచ్చాయి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణమే ప్రధాన కార్యస్థానం. నాడు వచ్చినవారి మనుమలు ఇంట తెలుగు, కచేరీలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతారు.

భాషలు కలిసినా, రైల్వే కాలనీకీ పొలానికీ మధ్య ఒక గీత మాత్రం చెరగలేదు. కాలనీలో నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఊళ్లో పంట ఇంటికి చేరేదాకా చేతిలో పైసా ఆడదు. దేశమంతా వరిగిన్నె అని పిలుచుకొనే ఛత్తీస్‌గఢ్‌లో ఉంటూ, ఈ నేల బియ్యమే తింటూ, కాలనీ మనిషి వరిచేనును చూసేది రైలు కిటికీలోనుండే. కిటికీలోనుండి చూచినప్పుడు నీట మునిగిన చేను కూడ అందమైన చెరువులాగానే కనబడుతుంది.

ఈ ప్రాంతపు నదులు చాలకాలం శాంతంగానే ఉంటాయి. బిలాస్‌పూరును ఒరుసుకొని పారే అర్పా వేసవిలో ఇసుకబాట. అది శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్, జోంక్ నదులు శివరీనారాయణ్ దగ్గర మహానదిలో కలుస్తాయి. ఎగువన కుండపోత కురిసి మూడూ ఒకేసారి పొంగితే ఏమవుతుందో హిందీ సాహిత్యంలో ఒక సాక్ష్యం ఉన్నది. భారతేందు హరిశ్చంద్రుని మిత్రుడు, ‘శ్యామాస్వప్న’ నవలాకర్త ఠాకుర్ జగమోహన్ సింహ్ శివరీనారాయణ్‌లో తహసీల్దారుగా పనిచేసేవాడు. 1885లో మహానది ఆ పట్టణాన్ని ముంచెత్తినప్పుడు కళ్లారా చూసి, ఆ వరదను ‘ప్రళయ్’ అనే కావ్యంగా రచించాడు. నష్టాల పట్టిక రాయవలసిన చేతితోనే కావ్యమూ రాశాడు. వరద లెక్కలకు పూర్తిగా లొంగేది కాదని ఆ అధికారి గ్రహించి ఉండాలి.

నిజానికి వరద తీసుకొనిపోయేది ధాన్యాన్ని మాత్రమేనా? ఛత్తీస్‌గఢ్‌లో పుష్యపూర్ణిమనాడు ‘ఛేర్‌ఛేరా’ అనే పండుగ జరుగుతుంది. కోతలు, నూర్పిళ్లు ముగిసి గాదెలు నిండి ఉండే కాలమది. పిల్లలు, యువకులు జట్లుజట్లుగా సంచులు, బుట్టలు పట్టుకొని, పాడుకొంటూ, కేకలు వేసుకొంటూ ఇంటింటికీ వచ్చి ధాన్యం అడుగుతారు. ఆనాడు అడగడం ఎవరికీ చిన్నతనం కాదు. ఇంటివారు దోసిటితో వడ్లు పోసి పంపుతారు. తెలుగునాట ఆ రోజులలోనే, ధనుర్మాసంలో, హరిదాసు తలమీద పాత్రతో వీధి వెంట వస్తాడు. చేయి చాపడు; పిల్లలు బియ్యం తెస్తే ముంగిట వంగి కూర్చుంటాడు, అంతే. రెండు చోట్లా అడగడంలో దైన్యం లేదు, ఇవ్వడంలో అతిశయం లేదు. గాదెలో గింజ ఉన్న ప్రతి కుటుంబమూ ఆనాడు దాతే. వరద వచ్చిన ఏడు ఆ కుటుంబం దాతల పంక్తిలోనుండి లేచిపోవలసి వస్తుంది. పోయిన పంటకంటె రైతును ఎక్కువ కుంగదీసేది ఆ లేచిపోవడమే.

ఈ మర్మం తెలిసినవారు వసూలులోకి నవ్వును పిలిచారు. 1933 నవంబరులో హరిజననిధి యాత్రలో గాంధీజీ బిలాస్‌పూరుకు వచ్చారు. డిసెంబరులో ఆంధ్రదేశం తిరిగారు. ఆ యాత్రలో తమకు సమర్పించిన కానుకలను సభలోనే వేలానికి పెట్టి, పాట పెంచేవారితో పరిహాసాలాడి, జనాన్ని నవ్విస్తూనే సంచి నింపేవారు. 1952లో రాయలసీమ కరువుకు నందమూరి తారక రామారావు బృందంతో ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు ఆయన, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధులలో నడిచారు. తెరమీది కథానాయకుడు తన గుమ్మంలో నిలబడితే ఇచ్చేవానికి అది పండుగ. కెనడాలో 1967లో వ్యాపించిన ‘మైల్స్ ఫర్ మిలియన్స్’ నడకలు ఇంకొక తోవ తొక్కాయి. నడిచేవారు ముందుగా ఇరుగుపొరుగులతో మైలుకు ఇంత అని ఒప్పందం చేసుకొని, నడిచినంత మేరకు వసూలు చేసేవారు. అప్పుడు చందా పుస్తకం పందెం కాగితంగా మారింది.

రైల్వే పట్టణంలో ఇటువంటి నడకకు కొత్తగా నేర్పవలసినది లేదు. నవరాత్రులలో సప్తమినాటి రాత్రి బిలాస్‌పూరునుండి వేలాదిమంది అర్పా దాటి, కోనీ మీదుగా, పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న పూర్వపు కలచురుల రాజధాని రతన్‌పూరుకు మహామాయ దర్శనానికి కాలినడకన వెళుతారు. ఆ దారి ఎరిగిన పాదాలను ఒక ఆదివారంనాడు నదితీర గ్రామాలవైపు మళ్లించడమే చేయవలసిన పని. కిలోమీటరుకు ఇంత అని పందెం కాయడానికి పొరుగింటి పిన్నిగారున్నారు. “ఏం బాబూ, మార్కెట్టుకే రిక్షా కావాలనేవాడివి, పన్నెండు కిలోమీటర్లు నడుస్తావా?” అని ఆమె ఎగతాళి చేస్తే, ఆ ఎగతాళికే ధర కట్టవచ్చు. గార్డు పచ్చజెండా ఊపితే నడక మొదలవుతుంది. ఈలలు వేసే పని పిల్లలకు ఇస్తే సరి. వెనుకబడినవారికి ‘ప్యాసింజరు’ అని, ముందు దూసుకొనిపోయేవారికి ‘మెయిలు’ అని పేర్లు పడతాయి. ప్యాసింజరే ప్రతి చెట్టు నీడనూ స్టేషనుగా భావించి ఆగుతుంది గనుక దానిలోనే జనం ఎక్కువ.

అయితే ఈ వినోదానికి ఒక హద్దు ఉండాలి. నవ్వు నడిచేవారి మీద ఉండవలెగాని, రైతు మీదికి పోరాదు. తలపాగా, నాగలి వేషాలతో నడవడం, మునిగిన ఇంటి ముందు రైతును నిలబెట్టి ఫొటో తీయించుకోవడం సహాయం చేసినట్లే ఉండి, మనసును గాయపరుస్తాయి. గమ్యమైన ఊరిలో రైతు చేయి చాపి కవరు అందుకొనే సభ పెట్టడంకంటె, అలసి వచ్చినవారు అతని అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు అడగడం మేలు. నీళ్ల చెంబు అందించే క్షణంలో అతడు గృహస్థు, వచ్చినవారు అతిథులు. కిటికీలోనుండి చెరువులాగా కనబడిన నేల మీద ఎంత మందాన ఇసుక మేట వేసిందో అప్పుడు కాలికే తెలుస్తుంది.

లెక్కలో మాత్రం నవ్వు పనికిరాదు. ఎప్పుడు, ఎవరికి, ఏమి ఇవ్వాలన్న మూడు ప్రశ్నలకు నడకకు ముందే జవాబు సిద్ధం కావాలి. ఇక్కడ చాలచోట్ల వరిని వెదజల్లి, నెలనాటి పైరును నిలిచిన నీటిలోనే తేలికగా దున్నుతారు. దీనిని ‘బియాసీ’ అంటారు. ఆ పని ముగిశాక వరద వచ్చి పైరు కుళ్లితే మళ్లీ వరి విత్తే అదను ఉండదు. కాని తేమ ఆరకముందు తివరా అనే పప్పుధాన్యమో, అవిసెలో చల్లుకోవచ్చు. ఆశ్వయుజంలో చేరిన పది కిలోల విత్తనం మాఘంలో అందిన వేయి రూపాయలకంటె విలువైనది. గడ్డివాములు కొట్టుకొనిపోయిన ఊరికి పశుగ్రాసం ఇంకా ముందే చేరాలి.

ఎవరికన్న ప్రశ్న మరింత చిక్కైనది. పంటనష్టం 33 శాతం లేక అంతకు మించినప్పుడు ప్రభుత్వం రాజస్వ పుస్తక పరిపత్రం 6-4 ప్రకారం సహాయం ఇస్తుంది. అది భూమి రికార్డులలో పేరున్నవానికి చేరుతుంది. సగం పంటకు ఒప్పుకొని పరుని పొలం దున్నే ‘అధియా’ రైతు పేరు ఆ రికార్డులలో ఉండదు. మన కౌలురైతు గతి కూడ ఇదే. విత్తనం తనది, చాకిరీ తనది, నష్టం తనది. పరిహారం మాత్రం మరొకరిది. చందా పైకం చిన్నది. ప్రభుత్వం చేయవలసిన పని అంతా అది చేయలేదు. కాని ప్రభుత్వపు చేయి అందని ఆ ఒక్క గడపను వెదకి పట్టుకోగలదు. అందుకు ఊరివారినే అడిగి జాబితా వేయాలి. వచ్చినది, ఖర్చయినది కాలనీ నోటీసుబోర్డు మీదనూ, ఊరి రచ్చబండ దగ్గరనూ ఒకే అంకెలతో అంటించాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్న నడక ఫలించినదీ లేనిదీ చెప్పడానికి వసూలైన మొత్తం కొలత కాదు. దానికి ఆ సంవత్సరపు పుష్యపూర్ణిమ దాకా వేచి ఉండాలి. ఛేర్‌ఛేరా పిల్లలు కేకలు వేసుకొంటూ వచ్చి ఆ రైతు గుమ్మంలో సంచి తెరిచినప్పుడు, అతడు ముఖం చాటువేయక లోపలికి వెళ్లి, గుప్పెడు గింజలైనా తెచ్చి పోయగలిగితే చాలు.