నోల్డోరుల శపథము

కల్పిత కథలు చదువుట కాలహరణమని తలంచు పెద్దలు మనలో ననేకులు గలరు. వారితో మాకు వాదము లేదు. కాని యీ సంవత్సరము పై తరగతి విద్యార్థులతో గూడి మేము చదివిన యొక గ్రంథము మా మనస్సును విడువకున్నది గనుక, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ గ్రంథము పేరు 'సిల్మరిల్లియన్'. కర్తయైన టోల్కీన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధమున సోమ్ రణరంగమునుండి 1916లో జ్వరపీడితుడై స్వదేశమునకు మరలి, ఆ దినములలోనే యీ కథలకు అంకురార్పణ చేసెను. జీవితాంతమువరకు వానిని దిద్దుచునే యుండి 1973లో మరణించెను. ఆయన కుమారుడు క్రిస్టఫర్ ఆ వ్రాతలను గూర్చి 1977లో ప్రకటించెను.

అందు ఎల్ఫులను అమరజాతిలో నోల్డోరు లొక తెగ. సముద్రమునకు పడమటనున్న పుణ్యభూమి వారి నివాసము. రత్నములు చేయుటయందును, లిపులు కల్పించుటయందును వారు మిన్నలు. వారి రాజు ఫిన్వె. ఆయన జ్యేష్ఠపుత్రుడు ఫెయానోర్. ఆ దేశమునకు వెలుగు నిచ్చు రెండు వృక్షముల కాంతిని మూడు మణులలో నిమిడ్చినవా డితడే. మోర్గోత్ అను దుష్టుడు ఆ వృక్షములను నాశనము చేయించి, ఫిన్వెను చంపి, మణులను హరించి మధ్యభూమికి పారిపోయెను.

అంతట ఫెయానోరును అతని యేడుగురు కుమారులును, ఆ మణుల నుంచుకొనువా డెవ్వడైనను, మిత్రుడైనను శత్రువైనను, వానిని వెంటాడుదుమని ఘోరశపథము చేసిరి. వారి నెవరును వెడలగొట్టలేదు. తమంతట తామే వెడలిరి. ఓడలకొరకు తీరవాసులైన టెలెరి జాతివారి నడిగి, వారు నిరాకరింపగా, బంధువులని యైన జూడక రేవులోనే వారిని వధించిరి. ఆవల మాండోస్ శాపము వారికి వినవచ్చెను. మరలివచ్చు త్రోవ మూయబడునని తెలియవచ్చెను. అది విని ఫెయానోర్ సవతితమ్ముడగు ఫినార్ఫిన్ పలువురతో వెనుకకు మరలి, క్షమింపబడి, స్వదేశమున మిగిలినవారికి రాజయ్యెను. తక్కినవారు సాగిపోయిరి. ఫెయానోర్ దరి చేరి ఓడలను తగులబెట్టగా, వెనుకబడిన ఫింగోల్ఫిన్ ప్రజలు మంచుగడ్డలమీద నడచి అనేకులను గోల్పోయిరి.

ఈ ఘట్టము చదివిన దినమున నొక విద్యార్థి లేచి, "అయ్యా, సగము త్రోవలో వెనుదిరుగుట పిరికితనము గాదా? మాట నిలుపుకొనుటకై హరిశ్చంద్రు డెన్ని బాధలు పడెను!" అనెను. ఫినార్ఫిన్ ఆ శపథము చేసినవాడు కాడని యొక బాలిక జ్ఞాపకము చేసెను. తరగతి రెండు పక్షము లాయెను. మేము చెప్పిన సమాధాన మిది: హరిశ్చంద్రుని మాట ఇచ్చుటకొర కైనది, ఫెయానోరు మాట తీసికొనుటకొర కైనది. రెంటిని ఒకే త్రాసులో తూచరాదు.

ప్రవాసులు గోల్పోయినవానిలో భాషయు నొకటి. మధ్యభూమియందలి థింగోల్ రాజు టెలెరి ప్రభువునకు సోదరుడు. రేవులో జరిగిన హత్యలను విని ఆయన, నోల్డోరుల భాషయైన క్వెన్యాను తన రాజ్యమున పలుకరాదని శాసించెను. వారు అచ్చటివారి సిండారిన్ భాషను నేర్చిరి; క్వెన్యా పండితులకు మిగిలెను. ఈ రెండు భాషలను టోల్కీన్ తానే కల్పించెను. మొదటిదానికి ఫిన్నిషు, రెండవదానికి వెల్షు ఆదర్శములు. భాష నేర్పి బ్రదుకు మాకు, మంచులో నడచిన కథకంటె నిదియే యెక్కువ బాధ కలిగించెను.

శపథము కడపట సాధించిన దేమి? కుమారులలో ఐదుగురు యుద్ధములలో మడిసిరి. మిగిలిన యిద్దరిలో మాగ్లోర్, "శపథము విడిచి క్షమ వేడుదము" అని అన్నయగు మైద్రోసుతో చెప్పెను. అన్న యొప్పుకొనలేదు. కావలివారిని చంపి రెండు మణులను దక్కించుకొనిరి. మణులు వారి చేతులను కాల్చెను. మైద్రోస్ మణితోగూడ అగ్నిబిలమున దూకెను. మాగ్లోర్ తన మణిని సముద్రమున విసరివైచి, తీరము వెంబడి దుఃఖముతో పాడుచు తిరిగెను.

ఈ కథ మాకు దూరపు కథవలె తోచలేదు. మా తండ్రిగారును పెదనాయనగారును చింతతోపు పంపకమునుగూర్చి తగవులాడి, ఒకరి గడప నొకరు త్రొక్కమని పదిమంది యెదుట నొట్టు పెట్టుకొనిరి. అప్పటికి మాకు తొమ్మిదేండ్లు. ఇప్పుడు వా రిరువురును లేరు. తోపును ఎన్నడో కొట్టివైచిరి. ఒట్టు మాత్రము మాకును పెదనాయనగారి కుమారులకును సంక్రమించినది. సంతలో నెదురుపడినను తల వంచుకొని పోవుచుందుము. తగవు దేనికని మా పిల్ల లడిగినచో చూపుటకు ఆ చెట్లు గూడ లేవు.

వచ్చు వేసవిలో పెదనాయనగారి మనుమరాలి వివాహము. శుభలేఖ మాకు రాలేదు, వచ్చునని యెదురుచూడనులేదు. అయినను కుటుంబసమేతముగా వెళ్లుటకు నిశ్చయించుకొన్నాము. ఆ గడప మా యింటికి మూడు మైళ్లు. లోనికి రమ్మందురో లేదో తెలియదు. విద్యార్థులారా, మీ యిండ్లలోను ఇట్టి యొట్టు లుండవచ్చును. పెద్దలను గౌరవింపుడు, కాని వారి కోపమును ఆస్తివలె పంచుకొనకుడు.